పాలకొల్లులో ఆదివారం జపాన్ సినిమాలు: వెళ్లొచ్చినవాడి రివ్యూ

పాలకొల్లులో ఒక మేడ మీద హాల్లో ఆదివారం సాయంత్రాలు జపాన్ సినిమాలు వేస్తున్నారు, తెలుగు సబ్‌టైటిల్స్‌తో, టికెట్ వంద రూపాయలకి. భీమవరం, నరసాపురం, ఆచంట, పెనుగొండ వైపు ఉన్నవాళ్లు, చించినాడ వంతెన దాటి రాజోలు నుంచి రాగలిగినవాళ్లు ఒక్క ఆదివారం ఖాళీ చేసుకుని వెళ్లండి. కొన్నాళ్లుగా వెళ్తున్నాను కాబట్టి బాగున్నవీ బాగోలేనివీ రెండూ రాస్తాను, మొత్తం మీద మాత్రం నా మాట వెళ్లమనే.

నడిపేది రిటైరైన ఒక తెలుగు మాస్టారు, కంప్యూటర్ పని బాగా తెలిసిన ఆయన మేనల్లుడు. హాలు పెద్దదేం కాదు. వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ముందు చాపలు. ప్రొజెక్టర్ మంచిది, నలుపు నలుపులాగే కనబడుతుంది, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి ముందు కావాల్సింది అదే. సబ్‌టైటిల్స్ గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషు అంత వేగంగా చదవలేక బయటి దేశాల సినిమాలు వదిలేసినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. మాస్టారు మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, పొట్టి పొట్టి లైన్లలో రాసి, నిదానంగా చదివేవాళ్లకి కూడా అందేంతసేపు ఉంచుతారు. కింద నల్ల పట్టీ మీద పసుపు అక్షరాలు. నా పక్కన కూర్చునే ఒక పెద్దావిడ ఐదో క్లాసు దాకా చదివారట, ఆవిడకి ఒక్క లైను కూడా తప్పిపోవడం నేను చూడలేదు.

జపాన్ సినిమా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండు, గాడ్జిల్లా ఒకటి, పిల్లలు ఫోన్లో చూసే యానిమే అనే బొమ్మల సినిమాలు ఇంకొకటి. కొంచెం చదివినవాళ్లు డైరెక్టర్ కురొసావా పేరు చెప్పి, అవన్నీ మేధావుల సినిమాలండీ అని పక్కన పెట్టేస్తారు. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. 1958లో జపాన్‌లో తెగిన సినిమా టికెట్లు 112 కోట్లకి పైనే. అప్పటి వాళ్ల జనాభా తొమ్మిది కోట్ల చిల్లర, అంటే చంటిపిల్లలతో సహా ప్రతి మనిషీ నెలకోసారి హాలుకి వెళ్లినట్టు లెక్క. 1960 ఒక్క ఏడాదిలోనే 547 సినిమాలు తీశారు. షొచికు, తొహో, దైయెయ్, నిక్కత్సు, తొయెయ్ లాంటి కంపెనీలు సొంత స్టూడియోలు, సొంత డైరెక్టర్లు, సొంత నటులు పెట్టుకుని వారం వారం హాళ్లకి కొత్త సినిమాలు పంపేవి. ఈరోజు మనం గొప్పగా చెప్పుకునే ఓజు, మిజోగుచి, కురొసావా లాంటి డైరెక్టర్లందరూ ఆ కంపెనీల్లో పనిచేసి, ఆ టికెట్ కొన్న జనం కోసం తీసినవాళ్లే. కాబట్టి ఆ సినిమాల్ని రైతులు, టీచర్లు, చెరువుల మీద పనిచేసే కుర్రాళ్లు, అత్తాకోడళ్లు కలిసి కూర్చుని చూస్తుంటే అవి చేరాల్సిన చోటికే చేరినట్టు నాకు అనిపిస్తుంది. ఒంటరిగా ల్యాప్‌టాప్‌లో చూసినప్పుడు ఇవే సినిమాలు నాకు సగమే అందాయి.

వీళ్లు చేసిన మంచి పని ఏంటంటే మొదటి నుంచి వరసగా వేసుకొచ్చారు. మొదలుపెట్టింది మూకీతో. జపాన్‌కి 1896, 97లలోనే బొమ్మలాడే యంత్రాలు వచ్చేశాయి, కానీ అక్కడ మూకీని ఎవరూ మూగగా చూడలేదు. తెర పక్కన బెన్షి అనే మనిషి నిలబడి అన్ని పాత్రలకీ గొంతు మార్చి మాటలు చెప్పేవాడు, కథ నడిపేవాడు, మధ్యలో వ్యాఖ్యానం కూడా చేసేవాడు. మన హరికథ దాసుగారు ఒక్కరే రాముడూ సీతా హనుమంతుడూ అయిపోయినట్టన్నమాట. పోస్టర్ మీద నటుల కంటే బెన్షి పేరు పెద్దగా వేసేవారు, ఫలానా బెన్షి ఉన్నాడని జనం ఆ హాలుకే వెళ్లేవారు. అందుకే వాళ్ల మూకీలు 1930లు సగం గడిచేదాకా బతికాయి, 1931లో టాకీ వచ్చేసిన తర్వాత కూడా. టాకీలతో బెన్షిల పని పోయింది, సమ్మెలు జరిగాయి. కురొసావా అన్న హెయిగో బెన్షిగా పేరు తెచ్చుకున్నవాడు, ఆ సమ్మెలో ముందు నిలబడ్డాడు, 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు. తమ్ముడికి సినిమా పిచ్చి అంటించింది ఆ అన్నే. మాస్టారు ఈ సంగతి చెబుతున్నప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు.

ఆ రోజు వేసింది ఓజు 1932లో తీసిన 'ఐ వజ్ బార్న్, బట్'. మాస్టారే బెన్షి అయ్యారు. మైకు పుచ్చుకుని తెర పక్కన నిలబడి, ఇద్దరు పిల్లలకీ వాళ్ల నాన్నకీ ఆఫీసు యజమానికీ గోదావరి యాసలో మాటలు చెప్పేశారు. వీధిలో తమ నాన్నే అందరికంటే గొప్పవాడు అనుకునే ఇద్దరు అన్నదమ్ములు, యజమాని ఇంట్లో వేసిన బొమ్మలో నాన్న ఆయన్ని నవ్వించడానికి కోతి వేషాలు వేయడం చూస్తారు. ఇంటికొచ్చి అలిగి అన్నం మానేస్తారు. మేం పెద్దయ్యాక కూడా ఆయనకి ఇలాగే దండాలు పెట్టాలా అన్నది పిల్లల ప్రశ్న, దానికి నాన్న దగ్గర జవాబు లేదు. పిల్లలు పడీపడీ నవ్వారు, వాళ్లని తీసుకొచ్చిన నాన్నలు మాత్రం చివర్లో నవ్వలేదు. ఈ ఒక్క షో కోసమైనా మాస్టారికి ఏదైనా అవార్డు ఇవ్వాలి, నిజంగా అంటున్నాను.

మూకీలు వేస్తామన్నా వేయడానికి మిగిలినవి కొన్నే. 1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంటో భూకంపం, ఆ తర్వాత యుద్ధంలో బాంబు దాడులు, వీటికి తోడు కంపెనీల అశ్రద్ధ, అన్నీ కలిసి అప్పటి రీళ్లలో ఎక్కువ భాగాన్ని మింగేశాయి. కినుగాసా 1926లో తీసిన 'ఎ పేజ్ ఆఫ్ మ్యాడ్‌నెస్' పోయిందనే అందరూ అనుకున్నారు, 1971లో ఆయన సొంత ఇంట్లోనే దొరికింది. మన తెలుగు మూకీల గతి ఏమైందో తెలిసినవాళ్లకి ఆ ఒక్క రీలు దొరకడం ఎంత సంతోషమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక 'టోక్యో స్టోరీ'. 1953 సినిమా, ఓజు తీసినవాటిలో అందరూ ముందు చెప్పేది. 2012లో సైట్ అండ్ సౌండ్ పత్రిక ప్రపంచం మొత్తం మీద డైరెక్టర్లని అడిగి వేసిన లిస్టులో మొదటి స్థానం దీనిదే. కథ చెబితే రెండు లైన్లు. ఒనొమిచి అనే సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న కొడుకు దగ్గరికీ కూతురి దగ్గరికీ వెళ్తారు. కొడుకు డాక్టరు, కూతురికి సొంత బ్యూటీ పార్లర్, ఇద్దరికీ తీరిక లేదు. ఖర్చు కలిసొస్తుందని అమ్మానాన్నల్ని అతమి అనే వేడినీళ్ల ఊటల ఊరికి పంపేస్తారు, అక్కడ రాత్రంతా కుర్రాళ్ల గోలలో నిద్ర ఉండదు. యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య నొరికో మాత్రమే ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్లకి ఊరు తిప్పి చూపిస్తుంది. తిరిగి వెళ్లాక అమ్మ చనిపోతుంది.

మన డెల్టాలో ఈ కథ తెలియని ఇల్లు ఏది చెప్పండి. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డల్లాస్‌లో, ఇంట్లో ఇద్దరే ముసలివాళ్లు, వీడియో కాల్ వస్తే ఆ రోజు పండగ. పిల్లలు చెడ్డవాళ్లు కూడా కాదు, ఓజు గొప్పతనం అక్కడే ఉంది. కూతురు షిగే, అమ్మకి సీరియస్ అని తెలిసి ఊరికి బయలుదేరేటప్పుడు, చావు బట్టలు కూడా పట్టుకెళ్దామా అని అన్నయ్యని అడుగుతుంది. అంత్యక్రియల భోజనాల దగ్గరే అమ్మ చీరల్లాంటి కిమోనోల్లో తనకేది కావాలో అడిగేస్తుంది. హాల్లో ఒకావిడ గట్టిగానే 'చూశారా దాన్ని' అనేశారు. కానీ ఆ షిగే పొద్దున్నుంచి పార్లర్‌లో నిలబడి సంపాదించుకునే మనిషి, నాన్న తాగొచ్చి పడుకున్న రాత్రులు చిన్నప్పుడు చూసిన మనిషి. ఓజు ఆవిడ మీద కోపం తెప్పించడు, అలాగని వెనకేసుకురాడు కూడా.

కెమెరా చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది, ఇంట్లో చాప మీద కూర్చున్న మనిషి చూపుకి దగ్గరగా. ఆఖరి రోజుల సినిమాల్లో దాన్ని దాదాపు కదపడు. మాట్లాడేవాళ్లు మన వైపే తిరిగి మాట్లాడుతున్నట్టు ఉంటారు. మధ్య మధ్యలో మనుషులు లేని షాట్లు, ఒక పొగగొట్టం, ఆరేసిన బట్టలు, వెళ్తున్న రైలు. మొదటి పావుగంట ముందు చాపల మీద పిల్లలు కదిలారు, వెనక ఎవరో కునికిపాట్లు పడ్డారు. ఆ తర్వాత మొత్తం హాలు ఆ ఇంటి వేగానికి వచ్చేసింది. చిషు ర్యు అనే నటుడు ఆ తండ్రి వేషం వేసేటప్పటికి యాభై కూడా నిండలేదంటే నమ్మడం కష్టం. నొరికోగా వేసిన సెత్సుకో హారా నవ్వు చూడాలి. ఎప్పుడూ నవ్వే ఆ ముఖం చివర్లో మామగారి ముందు ఒక్కసారి నిజం చెప్పేస్తుంది, నేను మీరనుకునేంత మంచిదాన్ని కాదు, మీ అబ్బాయిని తలుచుకోని రోజులు ఈమధ్య ఎక్కువైపోయాయి అని. ఆయన, పోయిన తన భార్య గడియారం తీసి కోడలి చేతిలో పెట్టి, నువ్వు మళ్లీ పెళ్లి చేసుకో అమ్మా అంటాడు. ఓజు తన అరవయ్యో పుట్టినరోజు నాడే, 1963 డిసెంబరు 12న పోయాడు. హారా కూడా ఆ రోజుల్లోనే సినిమాలు మానేసి కమకురాలో ఎవరికీ కనబడకుండా బతికి, 2015లో 95 ఏళ్లకి చనిపోయారు.

ఇక్కడే వీళ్ల మీద నా పెద్ద కంప్లైంట్. ఆ సినిమాకి ఇంటర్వెల్ ఇచ్చారు. రెండుంబావు గంటల సినిమాని మధ్యలో, ముసలాయన పాత స్నేహితులతో తాగుతున్న చోట టక్కున ఆపి లైట్లు వేసేశారు. టీలు తాగి వచ్చాక మళ్లీ ఆ ఇంట్లోకి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. నాతో పాటు నలుగురైదుగురు చెప్పాం, మాస్టారు విన్నారు, తర్వాత నుంచి డైరెక్టర్ ఇంటర్వెల్ పెట్టకపోతే వీళ్లూ పెట్టడం లేదు. మంచి మార్పు.

డెల్టా వాళ్లు తప్పకుండా చూడాల్సింది కనెతో షిండో 1960లో తీసిన 'నేకెడ్ ఐలాండ్'. ఈ సినిమా కోసం మళ్లీ ఒక షో వేయమని ఎంతమంది అడిగితే అంత మంచిది. జపాన్ దీవుల మధ్య ఉన్న సముద్రంలో చిన్న దీవి, దాని మీద ఒకే ఒక్క కుటుంబం, మొగుడూ పెళ్లాం ఇద్దరు మగపిల్లలు. చుట్టూ నీళ్లు, తాగడానికి చుక్క లేదు. తెల్లవారకముందే పడవ వేసుకుని పక్క దీవికి వెళ్లి, కుండీల్లో మంచినీళ్లు నింపి, మళ్లీ తెడ్డు వేసుకుంటూ వచ్చి, కావడి భుజానికెత్తి నిట్టనిలువు గట్టు ఎక్కి, ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో గరిటెడు పోస్తారు. నీళ్లు పోయగానే ఆ ఎండు మట్టి ఎలా తాగేస్తుందో దగ్గరగా చూపిస్తాడు. మళ్లీ పడవ. మళ్లీ కావడి. సినిమాలో మాటలు దాదాపు లేవు, ఆ రోజు మాస్టారి సబ్‌టైటిల్స్‌కి పనే పడలేదు. హికరు హయాషి సంగీతం ఒక్కటే చుట్టూ తిరుగుతూ వస్తుంటుంది.

ఒక చోట ఆవిడ కాలు జారి ఒక కుండీ నీళ్లు ఒలికిపోతాయి. మొగుడు తన కావడి దించి, దగ్గరికొచ్చి చెంప మీద ఒక్కటి కొడతాడు. ఆవిడ లేస్తుంది, ఇద్దరూ మళ్లీ పని. మా వరసలో ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు, ఒకరిద్దరు కోపంగా లేవబోయారు కూడా. తర్వాత పెద్దకొడుకు జబ్బు చేసి పోతాడు, డాక్టరు ఆ దీవికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. పిల్లాణ్ని పూడ్చిన తర్వాత మళ్లీ నీళ్లు మోసుకొచ్చి మొక్కలకి పోస్తూ పోస్తూ, ఉన్నట్టుండి ఆవిడ కుండీ బోర్లా వంపేసి, మొక్కలు పీకి పారేసి, మట్టి మీద పడి ఏడుస్తుంది. ఈసారి మొగుడు కొట్టడు. నిలబడి చూస్తాడు, కాసేపటికి మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెడతాడు. ఆవిడా లేచి వస్తుంది.

టీ దగ్గర ఒక పెద్దాయన, లంక మనిషి, 'మా అమ్మా ఇలాగే మోసిందండి, వరదొస్తే మంచినీళ్లకి పడవే దిక్కండి, ఆయ్' అన్నారు. తీరం వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, బోర్లలో ఉప్పునీళ్లు పడి టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నవాళ్లు, తమ గోడు చెప్పుకున్నారు. ఇన్ని కాలవలు, ఇంత గోదావరి పెట్టుకుని తాగేనీళ్లు కొనుక్కునే మనకి ఆ సినిమా ఎవరూ వివరించక్కర్లేదు. షిండో హిరోషిమా వైపు మనిషి, అప్పటికి ఆయన చిన్న సొంత కంపెనీ మూతపడే స్థితిలో ఉంది, ఇదే ఆఖరిది అనుకుని చాలా తక్కువ డబ్బుతో తీశాడు. 1961లో మాస్కో ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి వచ్చి, చాలా దేశాలవాళ్లు కొనుక్కుని, కంపెనీ నిలబడింది. భార్యగా వేసిన నొబుకో ఒతొవా నడక చూడండి, బరువుకి నడుం ఎలా ఊగుతుందో, నీళ్లు ఒలక్కుండా మోకాళ్లు ఎలా వంగుతాయో. అది మోసినవాళ్లకి తెలిసిన నడక.

'సెవెన్ సమురాయ్'కి హాలు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. 1954, మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు, ఇంటర్వెల్ కురొసావానే పెట్టాడు. పంట చేతికి రాగానే దోచుకుపోవడానికి దొంగలు కాచుకుని ఉంటే, ఊరి రైతులు కూలికి ఏడుగురు యోధుల్ని తెచ్చుకుంటారు, డబ్బులేదు, మూడు పూటలా అన్నం పెట్టడమే జీతం. యోధులకి వరి అన్నం పెట్టి తాము మాత్రం చిరుధాన్యాలు తింటారు. ఆ సంగతి తెలిసిన యోధుడు చేతిలో గిన్నె పట్టుకుని, ఈ మెతుకు వృథా పోనివ్వను అనే చోట మా హాల్లో రైతులు చప్పట్లు కొట్టారు. తొషిరో మిఫునె పాత్ర రైతుల మీద విరుచుకుపడే సీను ఒకటుంది, వీళ్లు పిసినారులు, దొంగలు, అబద్ధాలకోర్లు అని తిట్టి తిట్టి, వీళ్లని ఇలా చేసింది ఎవరు, మీరే కదా అని యోధుల మీదికి తిరుగుతాడు. వాడూ రైతు బిడ్డేనని మనకి అప్పుడు అర్థమవుతుంది.

కోత అయిపోయాక పొలాలకి నీళ్లు పెట్టేసి ఊరి చుట్టూ అడ్డుకట్ట చేసుకోవడం, వానలో బురదలో ఆఖరి పోరు, ఒకేసారి రెండు మూడు కెమెరాలతో తీసిన గుర్రాల పరుగు, ఇవన్నీ ఇవాళ్టికీ ఏ యాక్షన్ సినిమాకీ తీసిపోవు. హాలీవుడ్ 1960లో దీన్ని కౌబాయ్ సినిమాగా మార్చుకుంది, మన 'షోలే' దాకా దీని నీడ పడింది. నాకు మాత్రం అన్నిటికంటే ఆఖరి సీనే ఇష్టం. చచ్చిపోయినవాళ్లు పోగా మిగిలిన ముగ్గురు యోధులు నిలబడి చూస్తుంటే, ఊరివాళ్లు డప్పు, పిల్లనగోవి పెట్టుకుని పాడుతూ ఊడుపులు ఊడుస్తుంటారు. గెలిచింది వాళ్లు, మనం కాదు అంటాడు పెద్ద యోధుడు. సార్వా ఊడుపుల రోజుల్లో మన చేలల్లో వంగిన ఆడవాళ్ల వరసని చూసినవాళ్లకి ఆ వరస కొత్త కాదు.

అదే ఏడాది నవంబరులో అదే తొహో కంపెనీ నుంచి 'గాడ్జిల్లా' వచ్చింది, పెద్ద యోధుడిగా వేసిన తకాషి షిమురానే అందులో సైంటిస్టు. దీన్ని పిల్లల బొమ్మ అనుకునేవాళ్లు అసలు జపాన్ ప్రింటు చూడాలి. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది, 23 మంది జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో పోయాడు. మార్కెట్‌కి వచ్చిన చేపల్ని పాతిపెట్టారు. చేపలు కొనాలంటే ఊరూరా భయం. ఆ భయమే ఆ జంతువు. హిరోషిమా, నాగసాకి అయి అప్పటికి తొమ్మిదేళ్లే. వీళ్లు మొదట పొరపాటున 1956 అమెరికా వెర్షన్ వేశారు, అందులో రేమండ్ బర్ అనే అమెరికన్ నటుణ్ని మధ్యలో దూర్చి, బాంబు మాటలు చాలావరకు కత్తిరించేశారు. చూసినవాళ్లు గొడవ చేస్తే తర్వాతి వారం అసలుది టికెట్ లేకుండా వేశారు. రెండూ చూసినందువల్ల ఎడిటింగ్‌తో ఒక సినిమా అర్థమే మారిపోతుందని పిల్లలకి కూడా తెలిసింది.

'రషోమన్' గురించి ఎక్కువ చెప్పను, చాలామంది చూసే ఉంటారు. ఒకే హత్యని నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. కెమెరామన్ కజువో మియగావా ఆకుల మధ్య నుంచి సూర్యుడి మీదికే కెమెరా తిప్పాడు, గుమ్మం దగ్గర వాన కనబడటానికి నీళ్లలో నల్ల సిరా కలిపారు. 1951లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. తన సినిమా అక్కడికి వెళ్లినట్టు కూడా కురొసావాకి తెలియదు, ఆ రోజు చేపలు పట్టడానికి వెళ్లి గాలం తెగి చిరాగ్గా ఇంటికొస్తే భార్య చెప్పింది. బయటి ప్రపంచం జపాన్ సినిమా వైపు తిరిగింది అప్పుడే. మిజోగుచి 'శాన్షో ది బెయిలిఫ్' కూడా వేశారు, 1954ది, బానిసలుగా అమ్ముడైన అన్నాచెల్లెళ్ల కథ, అన్న పారిపోవడం కోసం చెల్లెలు నీళ్లలోకి నడిచి వెళ్లిపోయే సీను తర్వాత నేను టీకి కూడా కిందికి దిగలేదు.

బాగోలేనివి. ఏసీ లేదు, వెలుతురు రాకుండా కిటికీలు మూసేస్తారు, ఎండాకాలం ఉక్కకి తట్టుకోలేం. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం, కనీసం ఒక పక్క రెయిలింగ్ అయినా పెట్టించాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ప్రొజెక్టర్ నడుస్తుంది గానీ ఫ్యాన్లు నడవవు. బాత్రూమ్ ఒక్కటే. ఫోన్ల గొడవ ఉంది, కొందరు మధ్యలో రీల్స్ తీస్తుంటారు, మేనల్లుడు మొహమాటపడకుండా చెప్పాలి.

అంతకంటే పెద్ద లోటు, వీళ్ల లిస్టు 1960ల దగ్గరే ఆగిపోతోంది. టీవీ వచ్చాక జనం హాళ్లకి రావడం తగ్గి, 1971లో దైయెయ్ దివాలా తీసింది, నిజమే. కానీ కథ అక్కడ ఆగలేదు. 1969 నుంచి 1995 దాకా ఒకే హీరో, ఒకే నటుడు కియోషి అత్సుమితో 48 తొరా-సాన్ సినిమాలు వచ్చాయి, కొత్త సంవత్సరానికీ ఒబోన్ పండక్కీ కుటుంబాలు కలిసి వెళ్లే సినిమాలవి. ఇమమురా అనే డైరెక్టర్ రెండుసార్లు కాన్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి తెచ్చాడు. మియజాకి తీసిన బొమ్మల సినిమా 'స్పిరిటెడ్ అవే'కి 2003లో ఆస్కార్ వచ్చింది. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' 1988ది, యుద్ధంలో అమ్మని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల బొమ్మల సినిమా, ఇది వేస్తే పిల్లలు చూసే యానిమేకీ పెద్దవాళ్లు చూసే ఓజుకీ చుట్టరికం ఏంటో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఇప్పటి డైరెక్టర్ కొరెయెడా తీసిన 'స్టిల్ వాకింగ్' ఉంది, 'షాప్‌లిఫ్టర్స్' ఉంది. ఆడవాళ్లు తీసిన సినిమాలు ఒక్కటి కూడా వేయలేదు, కినుయో తనకా అంత పెద్ద నటి 1953 నుంచి తనే డైరెక్టర్‌గా సినిమాలు తీశారు, అవి తెప్పించాలి. 'ఆర్ఆర్ఆర్'ని 2022లో జపాన్ వాళ్లు హాళ్లలో నెలల తరబడి ఆడించారు, అక్కడ మన దేశం సినిమాల రికార్డు అదే కొట్టింది. తెలుగు సినిమాని వాళ్లు అంత ప్రేమగా చూశారు కాబట్టి వాళ్ల ఇప్పటి సినిమాల్ని కూడా మనం చూడాలని నా కోరిక.

దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ, అల్లు రామలింగయ్య లాంటివాళ్లని ఇచ్చిన ఊరు పాలకొల్లు. సినిమా అంటే ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, అందుకే ఈ హాలు నిండుతోంది. తర్వాత వేసేది 'ఇకిరు' అని బోర్డు పెట్టారు, 1952 కురొసావా సినిమా, ముప్ఫై ఏళ్లు కాగితాల మీద ముద్రలు వేసిన మున్సిపల్ ఉద్యోగి, కడుపులో క్యాన్సర్ అని తెలిశాక, దోమల మురుగు గుంట పూడ్పించి పిల్లలకి పార్కు కట్టించడానికి ఆఫీసు ఆఫీసూ తిరిగే కథ. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు ఇద్దరూ రండి. ఆట ఆరింటికి మొదలు, తలుపులు అప్పుడే మూసేస్తారు, ఐదున్నరకి వెళ్తే కుర్చీ దొరుకుతుంది. బండి పక్క సందులో పెట్టుకోండి, ముందు చాపలు పిల్లలకి వదిలేయండి, సినిమా అయ్యాక టీ దగ్గర ఆ అరగంట మాత్రం ఉండి వెళ్లండి.